ఘాట్‌లో గేర్‌బాక్స్ లాకప్ పట్టి వదులుతోంది: పికప్‌కి స్విచ్ పెట్టించుకోవచ్చా?

బోరుమోటారు (కడప)

అన్నలందరికీ నమస్తే. నాకు కడపలో సబ్‌మెర్సిబుల్ మోటార్ల రివైండింగ్ షెడ్డు ఉంది. పోయిన దసరాకు ఒక డీజిల్ పికప్ ట్రక్కు సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. డబుల్ క్యాబిన్, ఆరు గేర్ల ఆటోమేటిక్, అప్పటికి 84,000 కిలోమీటర్లు తిరిగింది. ఏఎంటీ (మామూలు క్లచ్‌నే యంత్రం తొక్కే రకం) కాదు, టార్క్ కన్వర్టర్ (ఇంజన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించేది) ఉన్నదే. కంపెనీ పేరు రాయను. రాస్తే ఇక్కడ కంపెనీల కొట్లాట మొదలై నా ప్రశ్న గాలికి పోతుంది.

వారానికి రెండు మూడు సార్లు రాయచోటి వైపు పోతాను. వెనక మోటార్లు, కేబుల్ చుట్టలు, చైన్ పుల్లీ, ఒక మనిషి, అన్నీ కలిపి ఆరేడు వందల కిలోలు ఉంటాయి. గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు నాలుగో గేరులో 60 దగ్గర 1,700లో ఉన్న ఆర్‌పీఎం ముల్లు ఉన్నట్టుండి 2,000కి లేస్తుంది. రెండు మూడు సెకన్లకు మళ్లీ 1,700. మళ్లీ 2,000. గేరు మారలేదు, డ్యాష్ మీద 4 అనే ఉంటుంది. ఒక్కోసారి పట్టుకునేటప్పుడు గతుకుల రోడ్డు మీద పోయినట్టు సన్నగా వణుకుతుంది. మా పిల్లోడు వెనక సీట్లో కూర్చుని "నాయనా, బండికి ఎక్కిళ్లు వచ్చినాయి" అంటాడు.

మైదుకూరు దారిలో చదును రోడ్డు మీద కూడా 80లో అప్పుడప్పుడూ ముల్లు ఒక్క గెంతు గెంతి దిగుతుంది. క్రూజ్ కంట్రోల్ పెట్టుకుంటే దానంతట అదే ఆఫ్ అయిపోతుంది. అది వేరే జబ్బు అనుకుంటున్నాను.

వీడియోల్లో అమెరికావాళ్లు డీజిల్ ట్రక్కులకు లాకప్ స్విచ్ అని ఒకటి పెట్టుకుంటున్నారు. స్విచ్ వేస్తే లాకప్, అంటే కన్వర్టర్ లోపలి క్లచ్, పట్టుకునే ఉంటుందట. షిఫ్ట్ కేబుల్ అడ్జస్ట్ చేసి గేర్లు ఎప్పుడు పడాలో కూడా మార్చుకుంటున్నారు. ఇక్కడ ఒకాయన గేర్‌బాక్స్ ప్రోగ్రామ్ మార్చి ఇస్తాను, ఇరవై రెండు వేలు అంటున్నాడు. చేయించనా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

నల్లమల (నంద్యాల)

ట్యూనింగ్ చేయించు బ్రదర్, భయం లేదు. నేను బెంగళూరులో చేయించా. బండి పులి అయింది. నాది మాన్యువల్ గేర్‌బాక్స్ అనుకో, కానీ ఇంజన్ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

గుత్తి లారీ (అనంతపురం జిల్లా)

మాన్యువల్ బండికి చేయించుకుని ఆటోమేటిక్ వాళ్లకు సలహానా సామీ?

మాకు ఒక ఏఎంటీ టిప్పర్ ఉంది. ఇద్దరికీ తేడా తెలియాలని చెబుతున్నా. ఏఎంటీలో టార్క్ కన్వర్టర్ ఉండదు, లాకప్ అనే మాటే లేదు. మామూలు క్లచ్ ప్లేటే, తొక్కే కాలు బదులు మోటారో గాలో తొక్కుతుంది. ఎత్తు మీద ట్రాఫిక్‌లో బ్రేకు వేయకుండా యాక్సిలేటర్ మీద బండిని నిలబెట్టినాడు మా కొత్త డ్రైవరు, కారులో చేసినట్టు. ఎనిమిది నెలలకు ప్లేటు మాడి బొగ్గైంది. కన్వర్టర్ బండి అయితే అట్లాంటిది కొంచెం ఓర్చుకుంటుంది, ఆయిల్ కాగుతుంది అంతే. నాకు తెలిసింది ఇంతవరకే. యర్రగుంట్ల మేస్త్రి ఈ మధ్య ఇక్కడికి వస్తున్నట్టుంది, ఆయన్ని పిలవండి.

డంపర్ మేస్త్రి (యర్రగుంట్ల)

వచ్చినా. కళ్లజోడు వెతుక్కునేసరికి ఆలస్యమైంది.

తమ్ముడూ, నేను సున్నపురాయి గనుల్లో 35 టన్నుల డంపర్ల మీద ఇరవై రెండేళ్లు పనిచేసిన మనిషిని. వాటికీ టార్క్ కన్వర్టర్, లాకప్ ఉంటాయి. నీ బండిది చిన్నది, సూత్రం అదే. నువ్వు బోరు మోటార్లు విప్పేవాడివి కాబట్టి నాకు సగం పని తప్పింది.

కన్వర్టర్‌లో ఇంజన్ తిప్పే ఇంపెల్లర్ ఒకటి, దాని ఎదురుగా గేర్‌బాక్స్ వైపు టర్బైన్ ఒకటి, మధ్యలో స్టేటర్. ఇంపెల్లర్ ఆయిల్‌ని విసిరితే టర్బైన్ తిరుగుతుంది. రెండింటికీ ఇనుముతో ఇనుముకు ముడి లేదు. బండి కదిలేటప్పుడు టర్బైన్ నెమ్మదిగా, ఇంపెల్లర్ వేగంగా ఉంటాయి. అప్పుడు స్టేటర్ ఆయిల్‌ని మళ్లించి ఇచ్చేసరికి ఇంజన్ టార్క్ ఇంచుమించు రెండింతలు అవుతుంది. లోడుతో ఎత్తు మీద బండి లేస్తోందంటే దాని పుణ్యమే. కానీ ఆ తేడా అంతా వేడి అవుతుంది. గేట్ వాల్వు మూసేసి మోటారు నడిపితే కేసింగ్‌లో నీళ్లు ఎట్లా కాగుతాయో నీకు తెలుసు కదా. అచ్చం అదే.

ఆ వేడి, ఆ డీజిల్ వృథా పోకుండా, వేగం వచ్చాక ఇంపెల్లర్‌ని టర్బైన్‌తో కలిపి పట్టేసే క్లచ్ ప్లేటు లోపలే ఉంటుంది. అదే లాకప్. పట్టుకుంటే ఆర్‌పీఎం రెండు మూడు వందలు దిగుతుంది, వదిలితే అంతే లేస్తుంది. నాలుగు నుంచి ఐదుకు గేరు పడితే ఐదారు వందలకు పైనే తేడా వస్తుంది. నీ ముల్లు మూడు వందలే గెంతుతోంది, కాబట్టి అది లాకప్పే. అంతవరకు నువ్వు సరిగ్గానే పట్టుకున్నావు.

ఇక వీడియోల సంగతి. వాళ్లు చూపించేది చాలావరకు 1990ల డాడ్జ్ కమిన్స్ పికప్‌ల వంటివి. వాటి గేర్‌బాక్స్‌కి థ్రాటిల్ వాల్వ్ కేబుల్ అని నిజంగానే ఒక తీగ ఉంటుంది. బిగిస్తే గేరు ఆలస్యంగా పడుతుంది, వదులు చేస్తే ముందే పడుతుంది. లాకప్‌కి ఒక సోలినాయిడ్ (కరెంటుతో నడిచే వాల్వు), దానికి ఒక వైరు. ఆ వైరుని స్విచ్ దగ్గరికి తెచ్చుకుంటే లాకప్ చేతికి వస్తుంది. వాళ్లు వెనక గుర్రాల ట్రెయిలర్లు కట్టుకుని కొండలు దిగే జనం, ఇంజన్ బ్రేకు పనిచేయాలంటే లాకప్ పట్టి ఉండాలి, అందుకని పెట్టుకున్నారు. అక్కడ కూడా స్విచ్ ఆపడం మరిచిపోయి బండి నిలిపితే ఇంజన్ కొట్టుకుని ఆగిపోతుంది. లాకప్ పట్టి ఉండగానే గేరు పడితే ఆ దెబ్బ ప్లేటు మీద, ఇన్‌పుట్ షాఫ్ట్ మీద పడుతుంది. షాఫ్టులు తెగినవి ఎన్నో.

నీ బండిలో కేబుల్ లేదు. లాకప్ కూడా ఆన్, ఆఫ్ అని రెండే స్థితుల్లో ఉండదు. కంప్యూటరు ఆయిల్ ప్రెజర్‌ని సన్నసన్నగా కొలిచి వదులుతుంది. కొన్నిచోట్ల ప్లేటుని ముప్పై నలభై ఆర్‌పీఎం జారనిస్తూ సగం పట్టుతో నడుపుతుంది. అట్లాంటిదానికి స్విచ్ పెడితే కంప్యూటరు లెక్క తప్పిందని లైటు వెలిగించి ఒకే గేరులో ఇరుక్కుపోతుంది. అర్ధరాత్రి ఘాట్ మధ్యలో ఆ ముచ్చట నీకెందుకు?

అసలు ప్రశ్న వేరే. కంప్యూటరు లాకప్ ఎందుకు వదులుతోంది? ఊరికే వదలదు, దానికి ఎవరో ఏదో చెప్తేనే వదులుతుంది. యాక్సిలేటర్ ఎక్కువ తొక్కితే వదులుతుంది, టార్క్ కావాలి కాబట్టి. ఆయిల్ చల్లగా ఉంటే అసలు పట్టదు. బ్రేకు తొక్కితే వదులుతుంది.

ఆ ఆఖరి ముక్క దగ్గర ఆగు. క్రూజ్ దానంతట అదే ఆఫ్ అవుతోందని, అది వేరే జబ్బని రాసినావే, నేను ఆ వాక్యం రెండుసార్లు చదివినా. క్రూజ్ కూడా బ్రేకు తొక్కితే ఆగుతుంది. రెండింటికీ వార్త పంపేది పెడల్ దగ్గరుండే ఒకే చిన్న స్విచ్చి. ఈ రాత్రి చీకటి పడ్డాక ఎవరినైనా బైకు మీద నీ వెనక రమ్మను. నువ్వు బ్రేకు ముట్టుకోకుండా గతుకుల మీద నడుపు. బ్రేకు లైట్లు మిణుకుమంటున్నాయేమో చూడమను.

ఆ ఇరవై రెండు వేలాయనకి అంతవరకు ఫోన్ చేయొద్దు.

కొండారెడ్డి బురుజు (కర్నూలు)

టైర్లు అడగలేదు ఎవరూ. సెకండ్ హ్యాండ్ పికప్ అంటే ముందు ఓనరు పెద్ద టైర్లు వేసి ఉంటాడు. కంపెనీ సైజు ఎంత, ఇప్పుడున్నది ఎంత?

బోరుమోటారు (కడప)

నిజమే అన్నా. డోరు దగ్గర స్టిక్కరు మీద 245/70 ఆర్ 16. బండికి ఉన్నది 265/70 ఆర్ 16. చూడ్డానికి బాగున్నాయని మురిసిపోయాను. లాకప్‌కీ దానికీ ఏం సంబంధం?

కొండారెడ్డి బురుజు (కర్నూలు)

చక్రం ఎత్తు 28 మిల్లీమీటర్లు పెరిగింది, అంటే దగ్గర దగ్గర 4 శాతం. ఆ మేరకు ప్రతి గేరూ బరువెక్కినట్టే. మీటరు 60 చూపిస్తే నిజంగా 62 పోతున్నావు. చదును మీద తెలియదు. ఎత్తు మీద లోడుతో నాలుగో గేరు సరిపోతుందా సరిపోదా అనే హద్దులో ఉన్నప్పుడు ఆ 4 శాతం తెలుస్తుంది. ఇదొక్కటే కారణమని నేను అనను. టైర్లు అరిగాక కంపెనీ సైజుకి మారిపో, ఇప్పుడే పీకేయొద్దు.

బోరుమోటారు (కడప)

మేస్త్రీ, నమస్కారం. బ్రేకు లైటుకీ గేరుకీ ఏం సంబంధమని నిజం చెప్పాలంటే నవ్వుకున్నా. అయినా రాత్రి ఎనిమిదిన్నరకు మా బామ్మర్దిని బైకు మీద వెనక రమ్మన్నా. బైపాస్ మీద 60లో పోయినా. నా కుడి కాలు బ్రేకు మీద లేదు, ఎడమ కాలు సీటు కిందికి మడిచి పెట్టుకున్నా, పొరపాటున కూడా తగలకూడదని. ఆపినాక వాడు వచ్చి "ఏం బావా, ప్రతి గతుక్కీ బ్రేకు కొడుతున్నావు?" అన్నాడు. ఒళ్లు జలదరించింది.

పొద్దున డ్యాష్ కింద తల దూర్చి చూస్తే పెడల్ చేతికి తగిలే స్విచ్చి ఊగుతోంది. వెనక ఉన్న ప్లాస్టిక్ క్లిప్పు ఒక చెవి విరిగింది. ఎవరో దాన్ని నల్ల టేపుతో చుట్టి పెట్టినారు. ముందు ఓనరు చేసిన ఘనకార్యమో, మేస్త్రి చేసిందో తెలియదు. కొత్త స్విచ్చి 640 రూపాయలు, నేనే బిగించుకున్నా. మైదుకూరు దాకా పోయి వచ్చా. క్రూజ్ ఒక్కసారి కూడా ఆఫ్ అవలేదు, ముల్లు గెంతలేదు.

కానీ ఘాట్‌లో ఇంకా ఉంది. ముందున్నంత లేదు, సగానికి తగ్గింది. పట్టేటప్పుడు ఆ సన్నని వణుకు మాత్రం అట్లాగే ఉంది.

డంపర్ మేస్త్రి (యర్రగుంట్ల)

నల్ల టేపు! డంపర్లలో కూడా చూసినా, తొంభై లక్షల బండికి పది రూపాయల టేపు.

ఘాట్‌లో మిగిలింది రెండు ముక్కలు. వాటిని కలిపి చూడొద్దు.

పట్టడం, వదలడం అనేది సగం నీ కాలు చేసే పనే. ఎత్తు వస్తుంది, వేగం తగ్గుతుంది, నువ్వు తొక్కుతావు. కంప్యూటరు "వీడికి టార్క్ కావాలి" అని వదులుతుంది. వేగం అందగానే నువ్వు కాలు తీస్తావు, అది పట్టుకుంటుంది. మళ్లీ వేగం తగ్గుతుంది. ఇది జబ్బు కాదు, నాలుగో గేరు ఆ ఎత్తుకి, ఆ లోడుకి, ఆ టైర్లకి చాలడం లేదని అర్థం. ఘాట్ మొదలుకాక ముందే లివర్‌ని మాన్యువల్ వైపు లాగి 3లో పెట్టు. 45 దగ్గర 1,900 చిల్లర వస్తుంది, డీజిల్‌కి ఇష్టమైన చోటు అది. ముల్లు కదలకుండా ఉంటే లాకప్ పట్టి ఉన్నట్టే. దిగేటప్పుడు కూడా అదే 3, మలుపు గట్టిదైతే 2. డి (డ్రైవ్)లో పెట్టి బ్రేకు మీదే దిగొద్దు. గువ్వలచెరువు దిగుడులో బ్రేకులు కాలిపోయిన లారీల సంగతి నేను నీకు చెప్పాలా, కడపోడివి.

వణుకు మాత్రం ఆయిల్ మాట. లాకప్ ప్లేటు మీద ఉండేది కాగితం లాంటి పొర. అది జారుతూ మెత్తగా పట్టాలంటే ఏటీఎఫ్‌లో (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్‌లో) దానికోసం కలిపిన మందు బతికి ఉండాలి. ఆయిల్ మాడితే ఆ మందు చచ్చిపోతుంది, పట్టు జారి పట్టి జారి పడుతుంది, అదే నీకు గతుకుల్లా తెలుస్తుంది. "లైఫ్‌టైమ్ ఆయిల్" అంటారు. ఎవరి లైఫో అడగండి అని నేను మా కుర్రోళ్లకు చెప్పేవాణ్ణి. 90 డిగ్రీల లోపు నడిస్తే ఆయిల్ చాలాకాలం ఉంటుంది. ఆపైన ప్రతి పది పన్నెండు డిగ్రీలకీ ఆయుష్షు సగమని మా పనిలో ఒక లెక్క. మే నెల, ఏసీ, ఘాట్, లోడు, ముందర కూలర్ జాలీలో గడ్డి విత్తనాలు. లెక్క నువ్వే వేసుకో.

బ్లూటూత్ స్కానర్ ఒకటి కొనుక్కుని ఘాట్ ఎక్కుతూ ఏటీఎఫ్ వేడి ఎంతో చూడు. ఫోను నువ్వు చూడొద్దు, పక్కన కూర్చున్నోడికి ఇయ్యి. తర్వాత ఆయిల్ కొంచెం తీసి తెల్ల కాగితం మీద చుక్క వేయి. ఎర్రగా ఉంటే సరే. గోధుమ రంగులో మాడు వాసన వస్తే మార్చే టైము. రోజ్ మిల్క్ లాగా ఉంటే మాత్రం బండి కదిలించొద్దు, రేడియేటర్ నీళ్లు గేర్‌బాక్స్‌లోకి పోతున్నాయని అర్థం, ఆ కాగితం పొరలు ఊడిపోతాయి.

బోరుమోటారు (కడప)

ఘాట్ పైకి చేరేసరికి డిలో 112 డిగ్రీలు. తిరిగి పోయినప్పుడు 3లో ఎక్కితే 97. అదే లోడు, ఇంచుమించు అదే ఎండ. పక్కన మా వర్కరు చదివి చెప్పాడు. పదిహేను డిగ్రీలు ఒక్క లివర్ కదిపితే తగ్గాయంటే నాకే నమ్మకం కాలేదు.

చుక్క కాఫీ డికాషన్ రంగులో ఉంది. వాసన మా షెడ్డులో కాలిన వైండింగ్ వాసనకి అన్నదమ్ముడు. మార్పించాలి. ఒకతను మిషన్ పెట్టి మొత్తం ఫ్లష్ చేస్తా అంటున్నాడు. డిప్‌స్టిక్ కూడా లేదు ఈ బండికి, లెవెల్ ఎట్లా చూస్తారు?

డంపర్ మేస్త్రి (యర్రగుంట్ల)

ఫ్లష్ వద్దు. ఇంతకాలం మార్చని పెట్టెలో ప్రెజర్ పెట్టి తోస్తే అడుగున పేరుకున్నది ఆయిల్‌ని మళ్లించే వాల్వ్ బాడీలోకి పోతుంది. కింద ప్లగ్గు విప్పి దించు. సగం కూడా రాదు, మిగిలింది కన్వర్టర్ కడుపులో ఉంటుంది. ఎంత వచ్చిందో కొలిచి అంతే పోయి. రెండు వారాలు నడిపి మళ్లీ దించు, ఆ తర్వాత మూడోసారి. మాన్యువల్‌లో రాసిన గ్రేడ్ ఆయిలే పోయాలి. "అన్నిటికీ పనికొస్తుంది" అని డబ్బా మీద రాసింది వద్దు, వణుకు పోవాలంటే అందులోనే ఉంది కిటుకు.

లెవెల్ చూడ్డానికి పక్కన ఓవర్‌ఫ్లో ప్లగ్గు ఉంటుంది. బండి నాలుగు చక్రాలూ సమంగా ఉండాలి, ఇంజన్ నడుస్తుండాలి, ఆయిల్ మాన్యువల్ చెప్పిన వేడిలో ఉండాలి, నలభై డిగ్రీల చుట్టుపక్కల. అప్పుడు ప్లగ్గు విప్పితే సన్నగా కారి చుక్కలుగా మారాలి. మన కడప ఎండలో మధ్యాహ్నం అయితే స్టార్ట్ చేయకముందే ఆయిల్ నలభై ఉంటుంది. అందుకే తెల్లారి ఆరు గంటలకు పెట్టుకో. వేడిలో చూస్తే ఆయిల్ పొంగి ఉంటుంది, నిండింది అనుకుంటావు, చల్లారాక తక్కువ.

మార్చినాక స్కానర్‌తో గేర్‌బాక్స్ నేర్చుకున్న పాత లెక్కలు చెరిపించు. అరిగిన ఆయిల్‌కి తగ్గట్టు ప్రెజర్ పెంచుకుని అలవాటు పడి ఉంటుంది. చెరిపాక వంద రెండొందల కిలోమీటర్లు గేర్లు కాస్త మొరటుగా పడతాయి, కంగారు పడొద్దు. ఆ కొన్ని రోజులు నెమ్మదిగా అన్ని గేర్లూ తగిలేట్టు నడుపు. నువ్వు అడిగిన "అడ్జస్ట్‌మెంట్" ఈ బండిలో ఏదైనా ఉందంటే ఇదే.

బోరుమోటారు (కడప)

ఆదివారం తెల్లారి చేశాం. మా షెడ్డులో మోటార్లు దించే ర్యాంపు మీద ఎక్కిస్తే సమంగా లేదు, లెవెల్ ట్యూబు పెట్టి కింద చెక్కలు వేశాం. 3.4 లీటర్లు వచ్చింది, పోయాల్సిన మొత్తంలో మూడో వంతు కాస్త పైన. లెవెల్ చూస్తే తీయకముందే అర లీటరు తక్కువ ఉన్నట్టు తేలింది. ప్లగ్గుకున్న అయస్కాంతానికి బూడిద రంగు పేస్టులా ఉంది, ముక్కలేమీ లేవు.

శుక్రవారం పూర్తి లోడుతో ఘాట్ ఎక్కాను. 3లో ముల్లు మేకు కొట్టినట్టు నిలబడింది. వణుకు పూర్తిగా పోలేదు, డిలో పెట్టి చూస్తే ఒకసారి వచ్చింది. మా పిల్లోడు మాత్రం ఎక్కిళ్లు పోయాయని సర్టిఫికెట్ ఇచ్చి గువ్వలచెరువులో పాలకోవా వసూలు చేశాడు.

ఇరవై రెండు వేలాయన నిన్న మళ్లీ ఫోన్ చేశాడు, పద్దెనిమిదికి చేస్తానని.

నల్లమల (నంద్యాల)

పద్దెనిమిది అంటే తక్కువే బ్రదర్...

గుత్తి లారీ (అనంతపురం జిల్లా)

సామీ!

డంపర్ మేస్త్రి (యర్రగుంట్ల)

మొదటి దించుడుకే వణుకు ఇంత తగ్గిందంటే ప్లేటు బతికే ఉంది. రెండోసారి దించేటప్పుడు మళ్లీ తెల్ల కాగితం మీద చుక్క వేసి, పాత చుక్క పక్కన పెట్టి ఫోటో పంపు. పాత కాగితం పారేయలేదు కదా?

బోరుమోటారు (కడప)

షెడ్డులో క్యాలెండర్ వెనక పిన్ను కొట్టి పెట్టినా మేస్త్రీ. నూనె దిగి లక్ష్మీదేవి బొమ్మ మీదికి వచ్చిందని ఇంట్లో తిట్లు పడుతున్నాయి.